ఆరంకెలు అడిగినవాడు

ఆదివారం పొద్దున్నే తెలియని నంబర్ నుంచి ఫోన్. ఎత్తగానే అవతల్నుంచి గట్టిగా, "ఏరా, నేను బతికే ఉన్నానని మీ వాళ్లందరికీ చెప్పు!" అన్నారు. గొంతు వినగానే నిలబడిపోయాను. మా లెక్కల మాస్టారు. రిటైరై చాలా ఏళ్లయింది కానీ ఆ గొంతు వింటే నాకిప్పటికీ హోంవర్క్ గుర్తొస్తుంది.

"ఏమైంది మాస్టారూ?"

"నేను ఆస్పత్రిలో ఉన్నానట. నాకు అర్జెంటుగా 20 వేలు కావాలట. సాయంత్రానికి ఇచ్చేస్తానట. ఇవన్నీ నా ఫోన్లోంచే నేనే రాశానట! పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. మా పక్కింటాయన ఫోన్ తీసుకుని చేస్తున్నాను. నువ్వొకసారి రా."

మా ఆవిడ ఇడ్లీలు వాయి దించుతోంది. "తినేసి వెళ్లొచ్చుగా" అంది. సంగతి చెప్పాక తనే బండి తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. తెనాలిలో మా బ్యాచ్ వాళ్లకి మాస్టారంటే అంత.

నేను వెళ్లేసరికి ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని, ఫోన్ స్టూలు మీద పెట్టి, దానికేదో అంటురోగం వచ్చినట్టు దూరంగా చూస్తున్నారు. తీసి చూశాను. సిగ్నల్ ఉంది. కాల్స్ వస్తున్నాయి, పోతున్నాయి. వాట్సాప్ మాత్రం తెరిస్తే, ఈ నంబర్ ఇప్పుడు ఈ ఫోన్లో రిజిస్టరై లేదని చెబుతోంది. సగం ఊపిరి పీల్చుకున్నాను. ఇదొక ముఖ్యమైన తేడా, గుర్తుపెట్టుకోండి. సిగ్నలే పూర్తిగా పోయి, ఎంతసేపటికీ రాకపోతే ఎవరో మీ సిమ్‌నే డూప్లికేట్ తీశారేమో అని అనుమానించాలి. అప్పుడు ముందు పరిగెత్తాల్సింది సిమ్ కంపెనీకీ, బ్యాంకుకీ. సిగ్నల్ ఉండి వాట్సాప్ ఒక్కటే పోతే సిమ్ మన చేతిలోనే ఉన్నట్టు. సిమ్ మన దగ్గరుంటే వాట్సాప్ మన దగ్గరికి రాక తప్పదు. కాస్త ఆలస్యం కావచ్చు, అంతే.

"మాస్టారూ, నిన్న ఎవరికైనా కోడ్ చెప్పారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. శనివారం రాత్రి పాత స్టూడెంట్ ఒకడి నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. 'మాస్టారూ, నా ఫోన్ ప్రాబ్లం ఇస్తోంది. పొరపాటున మీ నంబర్‌కి ఒక కోడ్ వచ్చింది, కాస్త పంపండి' అని. నిజంగానే ఆరంకెల కోడ్ ఒకటి వచ్చింది. పంపేశారు.

"ఆ ఎస్సెమ్మెస్‌లోనే ఎవరికీ చెప్పొద్దని రాసి ఉంటుంది కద మాస్టారూ!"

"చదివాన్రా. ఎవరికీ అన్నాడు కానీ వీడు ఎవరో కాదు కదా, మనవాడే కదా అనుకున్నాను."

నాకిక మాట రాలేదు. ఈ మోసం మొత్తం నిలబడింది ఆ ఒక్క వాక్యం మీదే. దొంగ ఎవరో ముక్కూమొహం తెలియనివాడిలా రాడు. మనవాడిలా వస్తాడు. ఎందుకంటే ఆ స్టూడెంట్ వాట్సాప్ కూడా ముందురోజే పోయింది. అతని పేరుతో మాస్టార్ని పట్టాడు, మాస్టారి పేరుతో మమ్మల్ని పట్టాడు. మా పేర్లతో ఇంకెవర్ని పట్టేవాడో!

మాస్టారు ఎంతైనా లెక్కల మాస్టారు. ఆ బాధలోనూ లెక్క వేశారు. "ఆరంకెల కోడ్ అంటే పది లక్షల రకాలుగా ఉండొచ్చురా. ఊహించి కొట్టాలంటే వాడి తరం కాదు. నేనే చేతిలో పెట్టాను."

ఇంతకీ వాడు చేసిందేమిటో చెబుతాను. వాట్సాప్ అకౌంట్ ఒకసారికి ఒకే ప్రధాన ఫోన్లో రిజిస్టరై ఉంటుంది. వాడు తన ఫోన్లో వాట్సాప్ వేసుకుని, మాస్టారి నంబర్ కొట్టాడు. కోడ్ మాస్టారికి వెళ్లింది. అది తెలుసుకుని కొట్టగానే అకౌంట్ అక్కడ తెరుచుకుంది, ఇక్కడ మూసుకుంది. పాత మాటలు మాత్రం వాడికి కనిపించవు. అవి మన ఫోన్లోనే ఉంటాయి. కానీ మనం ఉన్న గ్రూపులు వాడికి కనిపిస్తాయి, గ్రూపుల్లో ఉన్నవాళ్ల నంబర్లూ కనిపిస్తాయి. మా 'పదో తరగతి' గ్రూపులో ఉన్నవాళ్లందరికీ మాస్టారు వరసగా 'ఆస్పత్రి పాలైంది' అందుకే.

సరే, పని మొదలుపెట్టాను. మాస్టారి ఫోన్లోనే వాట్సాప్ తెరిచి, ఆయన నంబరే మళ్లీ కొట్టి, కోడ్ పంపమన్నాను. ఇంకొన్ని గంటలు ఆగమంది. ఇది చాలామందిని కంగారుపెట్టే చోటు. కోడ్‌లు మాటిమాటికీ అడిగినా, తప్పులు కొట్టినా వాట్సాప్ కొంతసేపు తలుపు వేసేస్తుంది. అది తెలిసే దొంగలు కావాలని తప్పు కోడ్‌లు కొట్టి, అసలు మనిషిని బయట నిలబెడతారు. ఆత్రం కొద్దీ మళ్లీ మళ్లీ నొక్కితే ఆగాల్సిన సమయం పెరుగుతుంది తప్ప తగ్గదు. ఎంతసేపు ఆగమందో కాగితం మీద రాసుకుని ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ గంటలు ఊరికే కూర్చోవడానికి కాదు. అసలు పని అప్పుడే ఉంటుంది. మొదట మా గ్రూపు అడ్మిన్‌కి ఫోన్ చేసి మాస్టారి నంబర్‌ని గ్రూపులోంచి తీసేయించాను. పాపం అడ్మిన్ "మాస్టార్ని నేను తీసేయడమేంట్రా!" అని బాధపడ్డాడు. తీసేసేది మాస్టార్ని కాదు, దొంగని అని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత మాస్టారి డైరీ ముందేసుకుని ఒక్కొక్కరికీ మామూలు ఫోన్ కాల్. ఫోన్ చేయలేనివాళ్లకి మామూలు ఎస్సెమ్మెస్. అకౌంట్ వెనక్కి తెచ్చుకోవడం కంటే ముందు దాన్ని ఎవరూ నమ్మకుండా చేయాలి. అకౌంట్ రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. పోయిన డబ్బు అలా రాదు.

చాలామంది నమ్మలేదు, అదృష్టం. మా క్లాస్‌మేట్ ఒకావిడైతే, "మాస్టారు మనకి ప్లీజ్ అని రాయడమేంటి? అందులో చుక్క లేదు, కామా లేదు. ఆయన రాసింది కాదని అప్పుడే అనుకున్నా" అంది. చదువు చెప్పినాయన రాత ఎలా ఉంటుందో గుర్తున్న పిల్లకి దొంగ దొరికిపోయాడు.

ఒక్కడు మాత్రం నమ్మాడు. మాలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నవాడు. బజార్లో చిన్న టీకొట్టు నడుపుతాడు. ఇంటర్ చదివే కూతురి ఫీజుకని దాచిన 20 వేలు మెసేజ్ చూసిన పది నిమిషాల్లో పంపేశాడు. "ఫోన్ చేసి కనుక్కోలేదేంట్రా?" అంటే, "ఆస్పత్రిలో ఉన్న మనిషిని డబ్బు దేనికి అని అడుగుతామా?" అన్నాడు. ఆ మాట విన్నాక మాస్టారు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆయన భార్య వచ్చి, "ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు, కాసేపు ఆగు బాబూ" అన్నారు.

నేను టీకొట్టు వాడికి చెప్పింది ఒక్కటే. ఏడవడం తర్వాత, ముందు 1930కి ఫోన్ చెయ్యి. డబ్బు పోయినప్పుడు దేశమంతటా పనిచేసే సైబర్ హెల్ప్‌లైన్ నంబర్ ఇది. పంపిన టైమూ, ఎంత మొత్తం, ఏ అకౌంట్ లేదా యూపీఐ ఐడీకి వెళ్లింది, ట్రాన్సాక్షన్ నంబరూ చెప్పాలి. అవి దగ్గర పెట్టుకునే ఫోన్ చేయాలి. దొంగలు వచ్చిన డబ్బుని ఒక అకౌంట్‌లో ఉంచరు, అక్కడ్నుంచి ఇంకోదానికి, ఇంకోదానికి తోసేస్తారు. అది పూర్తిగా జారిపోయేలోగా ఎక్కడ దొరికితే అక్కడ ఆపించాలనేదే ఈ ఏర్పాటు. అందుకే గంట గంటకీ తేడా ఉంటుంది. దాంతోపాటు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ సైట్లో కంప్లయింటు కూడా నమోదు చేయాలి. తన బ్యాంకుకీ చెప్పాలి. మావాడు రెండు గంటల్లోపే చేశాడు కాబట్టి 12 వేలు మధ్యలో ఆగాయి. మిగతా ఎనిమిది వేలు అప్పటికే వెళ్లిపోయాయి. ఆగినవి చేతికి రావడానికి మళ్లీ కాగితాల పని ఉంటుంది, అది వేరే సంగతి.

మాస్టారి తరఫున కూడా కంప్లయింటు ఇచ్చాం. డబ్బు పోయింది మనది కాదు కదా, మనకెందుకు అనుకోకండి. మన పేరుతో నేరం జరిగింది. ఇంకొకరి పాస్‌వర్డో, గుర్తింపో దొంగిలించి వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద, ఫోన్, కంప్యూటర్ అడ్డుపెట్టుకుని ఇంకొకరిలా నటించి మోసం చేయడం 66డి కింద నేరాలు. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. రేపు ఎవరైనా 'నీ నంబర్ నుంచే అడిగారు' అని వస్తే చూపించడానికి ఆ కంప్లయింటు నంబరే మనకి దిక్కు. మెసేజ్‌లు వచ్చినవాళ్లందర్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచమన్నాం. కోపంతో డిలీట్ చేసేస్తే సాక్ష్యం పోతుంది.

రాత్రి ఎనిమిదింటికి గడువు తీరింది. కోడ్ అడిగాం, వచ్చింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అంకే తనే నొక్కారు. అదయ్యాక మరో ఆరంకెలు అడిగింది. "ఇదేంట్రా, మళ్లీనా?" ఇది దొంగ పెట్టి వెళ్లిన తాళం. టూ స్టెప్ వెరిఫికేషన్ అని వాట్సాప్‌లో మనం పెట్టుకోవాల్సిన పిన్ ఒకటుంది. మాస్టారు పెట్టుకోలేదు కాబట్టి వాడు పెట్టేశాడు. అది తెలియకపోతే ఏడు రోజులు ఆగాలి. ఆ తర్వాత పిన్ లేకుండానే లోపలికి రావచ్చు.

మాస్టారి మొహం పాలిపోయింది. "ఏడు రోజులు వాడు నా పేరుతో..." అన్నారు. లేదు, అక్కడే ఊరట ఉంది. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ మనం కొట్టిన క్షణంలోనే వాడు బయటికి పోయాడు. మనం లోపలికి వెళ్లడానికే వారం. అప్పటిదాకా ఇల్లు ఖాళీ. ఇంకో కోడ్ వచ్చి, దాన్ని మళ్లీ ఎవరికైనా చెబితే తప్ప వాడు రాలేడు. "ఈసారి సాక్షాత్తూ నువ్వే వచ్చి అడిగినా చెప్పను" అన్నారు మాస్టారు. "నాకూ చెప్పకండి" అన్నాను.

కోడ్ ఎస్సెమ్మెస్‌గానే కాదు, ఫోన్ కాల్‌గా కూడా వస్తుంది. అందుకని కొందరు దొంగలు కొరియర్ వాళ్లమనో, సిమ్ కంపెనీ వాళ్లమనో చెప్పి 'స్టార్ 401 స్టార్' అంటూ మొదలయ్యే నంబర్ ఒకటి డయల్ చేయించేవారు. అలా చేస్తే మన కాల్స్ వాళ్ల ఫోన్‌కి మళ్లిపోయేవి. ఈ గొడవ ముదిరాక 2024 ఏప్రిల్ 15 నుంచి అలా డయల్ చేసి కాల్స్ మళ్లించే సదుపాయాన్నే ఆపేయమని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా అనుమానం ఉంటే స్టార్ హ్యాష్ 21 హ్యాష్ డయల్ చేస్తే కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయో లేదో చెబుతుంది.

ఈ వారమంతా మా ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. మాస్టారి సంగతి తెలిసి ఒకళ్లు ఫేస్‌బుక్ పోయిందని, ఇంకొకళ్లు ఇన్‌స్టా పోయిందని. అందరికీ చెప్పిందే మీకూ చెబుతాను.

అన్నిటికంటే ముందు మీ మెయిల్ చూసుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో దొంగ మొదట చేసే పని మీ మెయిల్ అడ్రస్ తీసేసి తనది పెట్టుకోవడం. అలా మార్చినప్పుడు మీ పాత మెయిల్‌కి కబురొస్తుంది. 'ఈ మార్పు మీరు చేయలేదా?' అనే అర్థంతో ఒక లింకు ఉంటుంది. అది చూసి నొక్కితే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. స్పామ్‌లో కూడా వెతకండి. ఇన్‌స్టాగ్రామ్ నుంచి అసలు మెయిల్ సెక్యూరిటీ ఎట్ మెయిల్ డాట్ ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ అనే అడ్రస్ నుంచి వస్తుంది. ఇదే వేషంలో దొంగ మెయిళ్లూ వస్తాయి కాబట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

ఆ మెయిల్ దొరక్కపోతే, బ్రౌజర్‌లో మీరే టైప్ చేసి ఫేస్‌బుక్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్, లేదా ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్‌కి వెళ్లండి. అడిగినవి ఓపిగ్గా చెప్పండి. ఇన్‌స్టాలో మీ ఫొటోలు ఉంటే, తల అటూ ఇటూ తిప్పుతూ వీడియో సెల్ఫీ తీసి పంపమనొచ్చు. ఇవన్నీ మీరు రోజూ వాడే ఫోన్ నుంచి, రోజూ ఉండే చోటు నుంచే చేయండి. కొత్త ఫోన్లో, వేరే ఊళ్లో కూర్చుని చేస్తే మీరే దొంగలా కనిపిస్తారు. జీమెయిల్‌కీ ఇదే సూత్రం. జీమెయిల్‌లో దొంగ మీ రికవరీ ఫోన్ నంబర్ మార్చేసినా, పాత నంబర్‌తో వెనక్కి రావడానికి ఏడు రోజుల దాకా వీలుండొచ్చు. కాబట్టి 'తర్వాత చూద్దాంలే' అనే మాట వద్దు. మెయిల్, ఫేస్‌బుక్ రెండూ పోయాయంటే ముందు మెయిల్‌ని పట్టండి. అది తల్లివేరు. మిగతా వాటి పాస్‌వర్డులన్నీ అక్కడికే వస్తాయి.

లోపలికి వెళ్లగలిగాక పని అయిపోయిందనుకోకండి. దొంగ కిటికీ గడియ తీసి ఉంచి వెళ్తాడు. పాస్‌వర్డు మార్చి, అన్ని డివైజుల నుంచీ లాగౌట్ కొట్టండి. వాడు చేర్చిన మెయిలు గానీ నంబరు గానీ ఉంటే తీసేయండి. జీమెయిల్‌లో అయితే మీ ఉత్తరాలు ఇంకెక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో సెట్టింగ్స్‌లో చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ అనే చోట తెలియని కంప్యూటర్ ఉంటే పీకేయండి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి, అక్కడ మీ మెయిల్ కూడా ఇవ్వండి. రేపు పిన్ మర్చిపోయినా ఆ మెయిల్ అక్కరకొస్తుంది. ఫేస్‌బుక్, గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లని ఫోన్లో కాదు, పద్దుల పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి.

కంపెనీ ఎంతకీ పలక్కపోతే? 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సోషల్ మీడియా సంస్థకీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆ పేరూ, అడ్రసూ వాళ్ల సైట్‌లో ఉంటాయి. అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. 2023లో కేంద్రం పెట్టిన కమిటీ అది.

ఇంకొక్క హెచ్చరిక. 'నా అకౌంట్ పోయింది' అని ఎక్కడైనా రాయగానే కింద ఓ పదిమంది చేరతారు. 'ఫలానా ఆయన నాది గంటలో తెచ్చిచ్చాడు, ఆయన్ని అడగండి' అంటారు. ఆయన అడ్వాన్సు తీసుకుంటాడు, తర్వాత ఇంకొంత తీసుకుంటాడు, ఆఖరికి కోడ్ అడుగుతాడు. అడ్వాన్సు తీసుకుని అకౌంట్లు తెచ్చిపెట్టే మంత్రగాళ్లెవరూ లేరండీ. పుండు మీద కారం చల్లేవాళ్లే వాళ్లంతా.

సరే, మాస్టారి దగ్గరికొద్దాం.

మూడో రోజు ఆయన 20 వేలూ కవర్లో పెట్టుకుని టీకొట్టుకి వెళ్లారు. వాడు తీసుకోనన్నాడు. "మీరు తీసుకోలేదుగా మాస్టారూ, ఎవడో తీసుకున్నాడు." ఆయన, "నా పేరు చూసేగా ఇచ్చావు. నా పేరుకి నేను జవాబుదారీ కాదా?" అన్నారు. గొడవ అరగంట నడిచింది. టీ తాగడానికొచ్చినవాళ్లు గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. చివరికి ఆగిన 12 వేలు ఎలాగూ వస్తాయని, పోయిన ఎనిమిది వేలూ నెలకి రెండు వేల చొప్పున తీరుస్తాననీ మాస్టారు తేల్చారు. "లేకపోతే నీ కొట్లో టీ తాగను" అన్నారు. వాడు తలొంచాడు. ఒకటో తారీఖు పెన్షన్ రాగానే వెళ్లి మొదటి రెండు వేలూ ఇచ్చి, రశీదు రాయించుకుని వచ్చారట!

ఎనిమిదో రోజు వాట్సాప్ తెరుచుకుంది. పిన్ పెట్టించాను. నేను అటు తిరిగి నిలబడితే ఆయన పెట్టుకున్నారు. అడ్మిన్ ఆయన్ని మళ్లీ గ్రూపులో చేర్చాడు. మాస్టారు రాసిన మొదటి మెసేజ్: 'నేనే. ఈసారి నిజంగా నేనే. అనుమానం ఉన్నవారు ఫోన్ చేసి, గొంతు విని, నిర్ధారించుకోగలరు.' చుక్కలూ కామాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి.

అయినా మావాళ్లు ఊరుకుంటారా? టీకొట్టు వాడే ముందు అడిగాడు. 'మీరు మాస్టారే అయితే, పదో తరగతిలో నన్ను బెంచీ ఎందుకెక్కించారో చెప్పండి' అని.

నిమిషంలో జవాబొచ్చింది. 'పక్కవాడి లెక్క చూసి వేశావు. వాడిది తప్పు.'

అప్పట్నుంచి మా గ్రూపులో అదే పద్ధతి. ఎవరి నుంచైనా డబ్బు మాట వస్తే ముందు ఫోన్, ఫోన్ ఎత్తకపోతే ఒక పాత ప్రశ్న. మీ ఇంట్లోవాళ్లూ ఇవాళే కూర్చుని అలాంటి ప్రశ్న ఒకటి అనుకోండి. మీకూ వాళ్లకీ తప్ప ఇంకెవరికీ జవాబు తెలియనిది. దాన్ని మాత్రం వాట్సాప్‌లో పంపుకోకండేం!